లంకలో ఆగిన కూత

నాకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. మెయిళ్ళు పంపాను, ఫోన్లు చేశాను, రాజమండ్రి నుంచి బస్సెక్కి కాకినాడ వెళ్ళి మా పాత ప్రొఫెసర్ గారి గది బయట కుర్చీలో కూర్చున్నాను. టీ ఇచ్చారు, కుశలం అడిగారు, "చూద్దామండి" అన్నారు. మా వైపు ఆ మాటకు అర్థమేమిటో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. కాదు అని ఎదుటిమనిషి మొహం మీద అనడం మర్యాద కాదు కాబట్టి చూద్దాం అంటాం. విన్నవాడు అర్థం చేసుకుని మళ్ళీ అడగకుండా ఉండటం అతని మర్యాద. నేను ఆ రెండో మర్యాద పాటించలేదట. నా మీద అక్కడ ఉన్న ఫిర్యాదు అదేనని విన్నాను.

నేను అడిగింది పెద్ద విషయమేమీ కాదు. కాకినాడలో నేను మునుపు పనిచేసిన కాలేజీ ల్యాబ్‌లో ఒక ఇనప బీరువా ఉంది. అందులో కాజాల పెట్టె అంత అల్యూమినియం పెట్టె ఒకటి ఉంది. దాని జోడు రాకెట్ ఎక్కి, ఆకాశం అంచుదాకా వెళ్ళి, బంగాళాఖాతంలో పడింది. మిగిలిన ఈ పెట్టెను ఒక్క పూట గోదావరి మధ్యకు తీసుకెళ్ళి, చుట్టుపక్కల కరెంటు పోయిన క్షణంలో వినాలి. పెట్టె నిశ్శబ్దంగా ఉంటే నేను చెప్పింది నిజం, అది కూస్తే వాళ్ళు చెప్పింది నిజం. రెంటిలో ఏది తేలినా నేను నోరు మూసుకుంటానని రాతపూర్వకంగా కూడా ఇచ్చాను. దానికీ జవాబు లేదు.

ఆ పెట్టె ఒక డిజిటల్ రేడియో రిసీవర్. రేడియో అనగానే మా వీధిలోవాళ్ళకు పాటలే గుర్తొచ్చాయి. "ఏంటండీ, మీ రాకెట్లో పాత సినిమా పాటలు వస్తాయా?" అని ఎదురింటాయన రోజూ పాలపాకెట్ తెచ్చుకుంటూ అడిగేవాడు. మొదటిసారి నవ్వాను. తరువాత నవ్వలేదు. అయినా అడుగుతూనే ఉన్నాడు.

ఆ రాకెట్ ఉపగ్రహాలను మోసుకెళ్ళే పెద్ద రాకెట్ కాదు. పైకి వెళ్ళి, కొద్ది నిమిషాలు అక్కడి సంగతులు చూసి, తిరిగి సముద్రంలో పడిపోయే చిన్నది. అది వెళ్ళే ఎత్తున గాలి బహు పల్చన. ఎండ దెబ్బకు ఆ గాలి అణువులు విరిగి, విద్యుత్ కణాలై తేలుతూ ఉంటాయి. ప్లాస్మా అంటారు దాన్ని. నీళ్ళ మీద అలలు లేచినట్టే అందులోనూ లేస్తాయి. రాకెట్ అంత ఎత్తుకు వెళ్ళాక రెండు పక్కలా పొడవాటి కడ్డీలు చాస్తుంది. వాటి చివర చిన్న లోహపు గుండ్లుంటాయి. అలలు ఆ గుండ్లను తాకినప్పుడు పుట్టే సన్నటి వోల్టేజిని నా పెట్టె అంకెలుగా మార్చుకుని, ఏ శ్రుతిలో ఎంత బలముందో అక్కడికక్కడే లెక్కగట్టి కిందికి పంపుతుంది. ఆ అలల్లో చాలావాటి శ్రుతి మన చెవికి అందేదే. అక్కడ చెవి లేదు కాబట్టి వినబడవు, అంతే. ఒక్కోసారి క్లాసులో పాఠం చెబుతూ ఈ మాట దగ్గర ఆగిపోతాను. తలమీద అంతెత్తున, ఎవరూ లేనిచోట, రోజంతా ఏవో కూనిరాగాలు. వినేవాళ్ళు లేకపోయినా ఆగవు.

ప్రాజెక్టు మా కాలేజీకి వచ్చినప్పుడు దాని పెద్ద మా ప్రొఫెసర్ గారు. ఆయన మంచివారు. ఈ మాట నేను ఎక్కడ చెప్పినా, ఎవరికి రాసినా ముందే చెబుతాను. పాలేరునైనా మీరు అని పిలిచే మనిషి. రిసీవర్ పని నాకు అప్పగించారు. నేను చేశాను. సర్క్యూట్ నాది, చిప్‌లో లెక్కలు గట్టే ప్రోగ్రాం నాది, సోల్డరింగ్ దగ్గర పొగ పీల్చింది నేను. పెట్టె పక్కన ఒక చిన్న ఇయర్‌ఫోన్ సాకెట్ పెట్టాను. అంకెలు ఎలాగూ తెరమీద కనిపిస్తాయి కదా, సాకెట్ దేనికన్నారు. కన్ను అలసిపోయినా చెవి అలసిపోదన్నాను. "మాస్టారికి పాటలు కావాలండీ" అని మీటింగులో ఒకరన్నారు, అందరూ నవ్వారు, ప్రొఫెసర్ గారు కూడా తల వంచుకుని నవ్వారు. పెట్టెలు పూర్తయినప్పుడు కాలేజీలో చిన్న సభ పెట్టారు. శాలువాలు వేదిక మీదివాళ్ళకు సరిపోయాయి. కాజాల పెట్టెలు నా వరుసకు ముందు వరుసతో అయిపోయాయి. "మీరు ఇంటివారే కదండీ" అన్నారు. కాజాల మీద నాకు ఆశ లేదు. కానీ ఇంటివాడికి ఏది చివర పెడతారో, ఏది అసలు పెట్టరో ఆ రోజే గమనించి ఉండాల్సింది.

ఇక లంక సంగతి.

రాకెట్‌కు ఎక్కించే ముందు రిసీవర్ తన స్వంత గొంతు ఎంతో తెలుసుకోవాలి. ఏ యంత్రమైనా లోపల కొంత గొణుక్కుంటుంది. ఆ గొణుగుడు తెలిస్తే, రేపు పైనుంచి వచ్చినదాంట్లోంచి దాన్ని తీసేయొచ్చు. చేతులు, అంటే ఆ కడ్డీలు, విప్పేసి ఇనప డబ్బాలో పెడితే పెట్టె నోరెత్తలేదు. చేతులు తగిలించి బయట పెడితే మాత్రం గోలే గోల. అది బయటి గోల. కాకినాడలో ట్యూబులైట్లు, లిఫ్టులు, హార్బరు, ఎరువుల ఫ్యాక్టరీలు, అన్నీ దాని చెవిలో దూరేవి. పల్లెల్లోకి వెళ్దామంటే ఎక్కడ చూసినా రొయ్యల చెరువులు. వాటిలో గాలి కలపడానికి తిరిగే ఏరేటర్లు, వాటి మోటార్లు, మోటార్ల వేగం మార్చే కంట్రోలర్లు. మనకు వినబడేది నీళ్ళ చప్పుడే, కానీ రిసీవర్‌కు ఆ కంట్రోలర్లు ఊరంత దోమలు.

"గోదావరి మధ్యకు పోదామండీ" అన్నాను. కరెంటు స్తంభం లేని చోటు మా జిల్లాలో అదొక్కటే మిగిలింది. కోటిపల్లి రేవుకి దిగువన గౌతమి పాయలో చిన్న లంక ఉండేది. కొంత ఇసుక, కొంత రెల్లు, ఎవరో వేసుకున్న దోసపాదులు. రేవులో చేపలు పట్టుకునే దంపతులు మమ్మల్ని పడవలో తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నారు. ఆయన మాట్లాడడు. ఆవిడ ఆయన మాటలు కూడా కలిపి మాట్లాడుతుంది.

"ఏంటి మాస్టారూ, ఈ పెట్టె రాకెట్టెక్కుద్దా?"

"ఎక్కుతుందమ్మా."

"మళ్ళీ దిగుద్దా?"

"సముద్రంలో పడుతుంది."

"మా వలలో పడితే ఇచ్చేస్తాంలే. రాకెట్టేసే రోజు అటేపు పోవద్దంటారు కదా, అందుకని పడదు గానీ. విన్నావా మావా, ఇంతా కట్టపడి చేసి సముద్రంలో పారేత్తారంట."

ఆయన తెడ్డు వేస్తూనే, "ఆయ్" అన్నాడు.

వేసవి మొదలు. ప్రొద్దుటి పొగమంచు ఇంకా పూర్తిగా పోలేదు. పడవ కదులుతున్నట్టు అనిపించలేదు, ఒడ్డే మెల్లగా కరిగిపోతున్నట్టు అనిపించింది. లంక మీద కడ్డీలు పాతి, పెట్టెకు తగిలించి, బ్యాటరీ కలిపి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాను. కాకినాడ గోలంతా పోయింది. ఎక్కడో, ఏ దేశం మీదో పడుతున్న పిడుగులు చిటపటమంటున్నాయి. వాటి వెనక వెడల్పైన, లోతైన నిశ్శబ్దం. గోదావరి వయసంత పాతది అనిపించింది.

ఆవిడ చెయ్యి చాపింది. "ఓపాలి ఇటియ్యండి." ఇయర్‌ఫోన్ ఇచ్చాను. కళ్ళు మూసుకుని విని, "తిరగమోతలో ఆవాలు" అంది. ఇంకొంచెం విని, "దోమ కూడా ఉంది" అంది.

ఉంది. పిడుగుల చిటపట అడుగున, సన్నగా, తెగకుండా, ఒకే శ్రుతిలో కూత. ల్యాప్‌టాప్ తెరమీద అది అడ్డంగా పోతున్న తెల్లటి గీత.

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని చూశారు. "ఇది పెట్టెదా, ఒడ్డుదా?"

ప్రశ్న అదే. ఈరోజుకీ అదే. చేతులు తగిలించినప్పుడే వస్తోంది కాబట్టి, అది చేతుల ద్వారా బయటినుంచి, అవతలి ఒడ్డున ఉన్న చెరువుల నుంచి వస్తూ ఉండాలి. లేదా చేతులు తగిలించినందువల్ల పెట్టె తానే కూస్తూ ఉండాలి.

"ఒడ్డుదైతే ఎప్పుడో ఒకప్పుడు మారుతుందండీ, ఆగుతుంది. పెట్టెదైతే ఆగదు. సాయంత్రందాకా రికార్డు చేద్దాం" అన్నాను.

"మంచి ఆలోచనండీ" అన్నారు.

ఆయన నాతో ఏకీభవించిన ఆఖరి సందర్భం అది.

మధ్యాహ్నం ఆవిడ రెల్లు నీడలో విస్తళ్ళు వేసింది. మాకు చింతచిగురు రొయ్యలు. ప్రొఫెసర్ గారు శాకాహారి అని రేవులోనే కనుక్కుంది. ఆయన కోసం మామిడికాయ పప్పు, దోసకాయ పచ్చడి. పప్పు వండిన గిన్నెను చూపిస్తూ, "కొత్తదండి బాబూ, నిన్నే కొన్నాం. చేప తగల్లేదు. నిర్భయంగా తినండి" అంది. ప్రొఫెసర్ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూశాను. ఆయన లేచి నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నారు:

"ల్యాప్‌టాప్ మూసేయండి. ఇసుక పడుతోంది, చార్జింగ్ కూడా మిగులుతుంది."

"రికార్డు ఆగిపోతుందండీ."

"ఆవిడ మన కోసం కొత్త గిన్నె కొన్నారండీ. మనం మిషను వంక చూసుకుంటూ అన్నం చల్లార్చేస్తే ఏం బాగుంటుంది? పెట్టినావిడని కాచుకుని కూర్చోబెట్టకూడదు. భోజనం ఎంతసేపు!"

ఇది ఇంకో జిల్లాలో, ఇంకో దేశంలో జరిగేది కాదు. అక్కడ ఒకరు తింటే ఒకరు చూస్తూ ఉంటారు. మా వైపు వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నాక మిగతా లోకం ఆగాలి. నేను మూసేశాను. ఆయన్ని తప్పు పట్టగలనా? ఎన్నోసార్లు ప్రయత్నించాను, నావల్ల కాలేదు. ఆ గిన్నె దగ్గరకు వచ్చేసరికి నా కోపం ఆగిపోతుంది. దాన్ని పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టుకోవాలి.

అయితే రిసీవర్‌కు బ్యాటరీ వేరే. అది నడుస్తూనే ఉంది. ఇయర్‌ఫోన్ ఒక చెవిలో ఉంచుకునే తినడానికి కూర్చున్నాను.

"మాస్టారూ, అన్నం తింటా కూడా దోమ పాట కావాలా?" అంది ఆవిడ, నెయ్యి వేస్తూ.

"అలవాటమ్మా."

"ఇంట్లో ఆవిడ ఎలా పడతన్నారో."

ప్రొఫెసర్ గారు హాయిగా నవ్వారు. పడవాయన కూడా నవ్వాడు. నేను రెండో ముద్ద కలుపుతున్నాను. అప్పుడు ఆగింది కూత.

అది ఎలా ఉందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఇంట్లో ఫ్రిజ్ ఆగినప్పుడు అంతవరకు అది మోగుతోందని తెలుస్తుంది కదా, అలాంటిదే, కానీ దాని కింద నేల లేనట్టు. పిడుగుల చిటపట ఒక్కసారి దగ్గరకు వచ్చింది. వాటి మధ్య ఖాళీలు స్పష్టంగా కనిపించాయి. కనిపించాయనే అంటాను, అంత తేటగా ఉంది. పెట్టె గొంతు వింటున్నాను అనుకున్నాను. అంటే ఏమీ లేదు. నేను చేసినదాంట్లో ఏ రొదా లేదు. ఎండలో ఇసుక మెరుస్తోంది, నది ఎటూ పోనట్టు నిలబడింది, ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నిద్రలో కల మంచిదని తెలిసి కదలకుండా పడుకుంటామే, అలా కూర్చుండిపోయాను.

ఎంతసేపో తెలియదు. తెలివి వచ్చి ఎడమ చెయ్యి ఎత్తి, "ఆగింది, ఆగింది!" అన్నాను. నోట్లో అన్నం. లేచి చెయ్యైనా కడుక్కోకుండా ల్యాప్‌టాప్ దగ్గరకు పరుగెత్తాను. అది తెరుచుకునేలోపే దోమ మళ్ళీ వచ్చింది. తెరమీద తెల్లగీత, ఎప్పుడూ ఎక్కడికీ పోనట్టు.

"కరెంటు పోయుంటాదండి" అన్నాడు పడవాయన. ఆ రోజు ఆయన నాతో అన్న పెద్దమాట అదే. "జనరేటర్ ఏసేసుంటారు. రొయ్య ఆగదు కదండి."

అదే జరిగింది. కరెంటు పోతే చెరువులో గాలి అందక రొయ్యలు చచ్చిపోతాయి, అందుకని వెంటనే జనరేటర్లు వేస్తారు. కరెంటు పోవడానికి, జనరేటర్ అందుకోవడానికి మధ్య ఉన్న ఆ కాస్త ఎడంలో నేను నా పెట్టెను విన్నాను. గాలి మా వైపు నుంచి అటు వీస్తోంది కాబట్టి చెరువుల చప్పుడు ఆగడం మరెవరికీ వినబడలేదు.

"ఉంటుంది అంటే సరిపోదు కదండీ" అన్నారు ప్రొఫెసర్ గారు మృదువుగా. "మీరు లేచేటప్పుడు ఇయర్‌ఫోన్ జారి ఉంటుంది."

"లేవకముందే ఆగింది."

"వంగి తింటున్నారు కదా."

సాయంత్రందాకా రికార్డు చేశాం. కరెంటు మళ్ళీ పోలేదు. కరెంటు పోలేదని బాధపడిన మనిషిని ఆ రోజు తప్ప మా జిల్లాలో ఎవరూ చూసి ఉండరు. పడవలో తిరిగి వస్తుంటే ఆవిడ ఆ కొత్త గిన్నెను నదిలో తోముతూ, "పోన్లెండి మాస్టారూ, మీరు విన్నారు కదా" అంది. ఆ మాట చాలునని ఆ పూట అనిపించింది. రిపోర్టులో మాత్రం, ఈ శ్రుతి దగ్గర రిసీవర్‌కు స్వంత రొద ఉన్నది, రాకెట్ పంపే సమాచారం నుంచి దీన్ని తొలగించవలెను అని రాశారు. కింద సంతకాల్లో నా సంతకం లేదు. నేను పెట్టనన్నాను. పెట్టకపోయినా పర్వాలేదన్నారు.

ప్రయోగానికి ప్రయోగకేంద్రం దగ్గరకు వెళ్ళేవారిలో నా పేరు లేదు. చోటు తక్కువన్నారు. నేను కాకినాడ సముద్రం ఒడ్డుకు వెళ్ళాను. అక్కడినుంచి ఏమీ కనబడదని నాకు తెలుసు. వందల మైళ్ళ అవతల, దక్షిణాన లేచే చిన్న రాకెట్ అది. అయినా ఇంట్లో ఉండలేకపోయాను. చెప్పిన వేళకు దక్షిణం వైపు చూస్తూ నిలబడి, మనసులోనే దాన్ని ఎక్కించాను. ఇప్పుడు మబ్బు దాటింది. ఇప్పుడు ఆకాశం నల్లబడింది. ఇప్పుడు చేతులు చాచింది. నేను వంచిన తీగలు, నేను అతికించిన చుక్కలు, అక్కడ, గాలి లేనిచోట, రాకెట్‌తో పాటు గిరగిరా తిరుగుతూ వింటున్నాయి. నా పక్కన ఒకావిడ ఎండుచేపలు తిరగేస్తోంది. పిల్లలు నురగ వెంట పరుగెడుతున్నారు. ఇక పడిపోతూ ఉంటుంది అనుకున్నప్పుడు అల ఒకటి వచ్చి నా చెప్పులు తడిపింది. అదీ ఇదీ ఒకే సముద్రమని తట్టింది. ఎక్కడో నీళ్ళ అడుగున నా పెట్టె దిగుతోంది, ఇంకా వెచ్చగా ఉండి ఉంటుంది.

ఫోన్ మోగింది. లంక పడవావిడ. "పడిందా మాస్టారూ?"

"పడిందమ్మా."

"మరి ఇన్నాదా?"

విన్నదో లేదో నాకు ఎవరూ చెప్పలేదు. రాకెట్ పంపిన అంకెలతో గీసిన బొమ్మలు అడిగితే శుభ్రం చేసిన బొమ్మలు పంపారు. ఆ దోమ శ్రుతి దగ్గర అడ్డంగా ఒక నల్లటి పట్టీ, అక్కడ ఏమీ లేదు. బోర్డు మీద రాసినదాన్ని డస్టర్‌తో తుడిచేసినట్టు. రోజులు గడిచాక, ఒకసారి ల్యాబ్‌కు వేరే పని మీద వెళ్ళినప్పుడు, ఒక కంప్యూటర్ తెరమీద శుభ్రం చేయని బొమ్మ కాసేపు చూశాను. పైకి లేచేటప్పుడు ఆ శ్రుతి దగ్గర ఏమీ లేదు. చేతులు చాచాక కూడా వెంటనే రాలేదు. ఇంకొంత ఎత్తుకు వెళ్ళాక సన్నగా మొదలై, నది సముద్రం దగ్గరకొచ్చేకొద్దీ పాయలు విప్పినట్టు వెడల్పై, కిందికి దిగుతుంటే మళ్ళీ సన్నబడి మాసిపోయింది. లంకలో విన్న దోమ అలా లేదు. అది పొద్దుట ఎంతో సాయంత్రం అంతే, గీత గీసినట్టు ఉంది.

ప్రొఫెసర్ గారి దగ్గరకు వెళ్ళాను. అప్పటికి ఆయనకు పెద్ద పదవి వచ్చింది, గది మారింది, తలుపు దగ్గర మనిషి ఉన్నాడు. అంతా విన్నారు.

"మీరు చెప్పింది బాగుందండీ. కానీ శ్రుతి ఇంచుమించు అదే కదా."

"హార్బరులో ఓడ కూతా, స్టేషన్లో రైలు కూతా ఒకే శ్రుతిలో ఉన్నాయనుకోండి, ఓడ పట్టాలెక్కుతుందాండీ?"

నవ్వారు. "పైకి వెళ్ళేకొద్దీ పెట్టె వేడెక్కుతుంది. వేడికి గొంతు మారుతుంది. వెడల్పు అందుకే కావచ్చు."

"కావచ్చు" అన్నాను. ఒప్పుకున్నాను, ఎందుకంటే అది కావచ్చు కూడా. "అందుకే రెండో పెట్టె ఉంది కదండీ. అదే సర్క్యూట్, అవే చేతులు. లంకకు తీసుకెళ్దాం. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు, చల్లగా ఒకసారి, ఎండలో కాల్చి ఒకసారి విందాం. రెండుసార్లూ కూయకపోతే ఆ పట్టీలో మీరు తుడిచేసింది నా రొద కాదు, ఆకాశం."

ఆయన కుర్చీలోంచి లేచి వచ్చారు. తరువాత చాలా ఆప్యాయంగా, నా భుజం మీద చెయ్యి వేసి, "చూద్దామండి" అన్నారు.

ఆ తరువాత వాళ్ళ పేపరు వచ్చింది. నల్లపట్టీతోనే. నేను కాలేజీ మారి రాజమండ్రి వచ్చేశాను. మా ఆవిడ, "ఇంకా ఆ పెట్టేనా? పెళ్ళైన కొత్తలో నేనడిగిన గాజులు ఇంత గుర్తుపెట్టుకున్నారా?" అంటుంది. గుర్తున్నాయి. ఆకుపచ్చవి.

ఈమధ్య లంకకు వెళ్దామని ఒంటరిగా రేవుకు వెళ్ళాను. పడవ ఎక్కించుకున్నారు గానీ ఎంతదూరం పోయినా లంక రాలేదు. నీళ్ళే. నేను కడ్డీలు పాతిన చోటు, విస్తళ్ళు వేసిన రెల్లు నీడ, అన్నీ నీళ్ళు. అలా చూస్తుంటే ఆ పూట నిజంగా జరిగిందా, ఆ నిశ్శబ్దం నేను కల గన్నానా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

"లంకేది?" అన్నాను.

"వరదకి కోసుకుపోయింది. ఎక్కడికిపోద్ది మాస్టారూ, కిందకెళ్ళింది" అంది ఆవిడ. చెయ్యి చాపి చూపించింది. దిగువన కొత్త ఇసుక మేట ఒకటి లేచింది, ఇంకా రెల్లు కూడా మొలవలేదు. "ఇసక అదే. అవతల చెరువులూ అయ్యే. కరెంటూ అలాగే తీత్తన్నారు, లైను పనులంటా ముందే ఫోన్లకి మెసేజీలు పెట్టి మరీ." మళ్ళీ తనే అడిగింది: "అవునూ, ఆ దోమ ఎవరిదో తేలిందా?"

ఇన్నాళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆవిడొక్కతే.

"తేలలేదమ్మా. పెట్టె ఇవ్వట్లేదు."

"ఇవ్వనన్నారా?"

"అనలేదు."

"ఇత్తానన్నారా?"

"అదీ అనలేదు."

"మరేటన్నారు?"

చెప్పాను. ఆవిడ, మాట్లాడని ఆయన, ఇద్దరూ ఒకేసారి నవ్వారు. పడవ ఊగింది.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ల్యాబ్‌ను కంప్యూటర్ సెంటర్ చేస్తున్నారని, బీరువాల్లోని పాత సామాను పాత ఇనుముకు వేసేస్తారని మొన్న అక్కడ పనిచేసే మిత్రుడు చెప్పాడు. ఆ పెట్టె కూడా పోతే లంకలో నేను విన్నది నా చెవిలోనే ఉండిపోతుంది. పైన రాకెట్ చేతులకు తగిలింది నల్లపట్టీగా ఉండిపోతుంది. ఒక అల లేచింది, మేము దాన్ని విన్నాం, విని తుడిచేశాం అన్నమాట. లేదా నేనే ఇన్నాళ్ళూ నా పెట్టె రొదను ఆకాశం అనుకున్నాను. ఏది నిజమో తెలియకుండా ఉండటం నాకు చేతకావడం లేదు.

ప్రొఫెసర్ గారూ, ఇది మీరు చదువుతారని తెలుసు, చదివినవాళ్ళు మీకు చెబుతారనీ తెలుసు. కడ్డీలు నేను తెస్తాను. బ్యాటరీ తెస్తాను. ల్యాప్‌టాప్ రెండు తెస్తాను, ఒకటి అసలు మూయను. పడవ సిద్ధంగా ఉంది. ఆ కొత్త గిన్నె ఇప్పటికీ చేప తగలకుండా మీ కోసం విడిగానే ఉంచానని ఆవిడ మీకు చెప్పమంది. ఈసారి భోజనం కరెంటు వచ్చాక. మీ దగ్గర కావాల్సింది ఆ బీరువా తాళం ఒక్కటే. ఇస్తానంటే ఇస్తాననండి. ఇవ్వనంటే ఇవ్వననండి, నొచ్చుకోను, మీ నోటితో ఆ మాట విని పడవ వెనక్కి తిప్పమంటాను. పెట్టె ఇస్తారా, ఇవ్వరా? చూద్దాం అనకుండా చెప్పండి.